విండోస్ 11లో పాత లేజర్, డాట్ మాట్రిక్స్ ప్రింటర్లను పనిచేయించుకోవడం ఎలా?

#1 – నరసన్నపేట నెట్ సెంటర్

సభ్యులందరికీ నమస్కారం. నరసన్నపేటలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. అడంగల్, 1బి నకళ్లు, హాల్ టికెట్లు, దరఖాస్తు ఫారాలు మా దగ్గర ఎక్కువగా తీసేవి. అన్నీ నలుపు తెలుపు ప్రింట్లే. ఏళ్ల తరబడి ఈ పనంతా హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్ ఒక్కటే మోస్తోంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, నా పాత కంప్యూటరులోని ప్రాసెసరు విండోస్ 11కు సరిపోకపోవడంతో, కొత్త కంప్యూటరు తీసుకున్నాను.

కొత్తదానికి ప్రింటరు తీగ కలిపితే గంట మోగినట్టు శబ్దం వస్తుంది గాని, ప్రింటర్ల జాబితాలో పేరు చేరదు. ప్రింటరుతో పాటు వచ్చిన సీడీని వేరే చోట పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చి నడిపితే, ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది తగదన్న సందేశం వచ్చి ఆగిపోతోంది. కంప్యూటరు అమ్మినవారిని అడిగితే పాత ప్రింటర్లేవీ విండోస్ 11లో పనిచేయవని, కొత్తది కొనుక్కోవడం తప్ప దారి లేదని తేల్చేశారు. యంత్రం మాత్రం ఇప్పటికీ అక్షరం చెదరకుండా ముద్రిస్తోంది. ఆ మాట నిజమేనా? పక్క బల్ల మీద విండోస్ 7 ఉన్న పాత కంప్యూటరు ఒకటి ఉంది. దాని నుంచి కూడా ఇదే ప్రింటరుకు పంపుకోగలిగితే నా ఇబ్బంది తీరిపోతుంది.

రాజాం దగ్గర రైస్ మిల్లులో లెక్కలు చూసే మా బావగారికి డాట్ మాట్రిక్స్ ప్రింటరుతో ఇలాంటి చిక్కే వచ్చింది. ఆ సంగతి ఆయనే ఇక్కడ రాస్తారు.

#2 – ఆమదాలవలస మెకానిక్

నెట్ సెంటర్ గారూ, పాత ప్రింటర్లేవీ పనిచేయవన్న మాట నిజం కాదు. అన్నీ పనిచేస్తాయన్నా నిజం కాదు. ప్రింటరు ఎంత పాతదన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. అది ఏ భాషలో పంపిన పేజీని అర్థం చేసుకుంటుంది, ఏ పోర్టు ద్వారా కంప్యూటరుకు కలుస్తుంది, దానికి 64 బిట్ డ్రైవరు (ప్రింటరుతో మాట్లాడడానికి విండోస్‌కు కావలసిన ప్రోగ్రాము) ఉన్నదా అనే మూడింటిని చూసుకుంటే జవాబు దానంతటదే వస్తుంది.

మీ సీడీ ఎందుకు ఆగిందో ముందు చెబుతాను. 1020 వచ్చింది 2005లో. అప్పటి సీడీలలో ఉన్నవి ప్రధానంగా విండోస్ 2000, ఎక్స్‌పీల కోసం రాసిన 32 బిట్ డ్రైవర్లు. విండోస్ 11కు 32 బిట్ కూర్పు అసలే లేదు. అది 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రోగ్రాములను నడుపుతుంది గాని, 32 బిట్ డ్రైవర్లను అంగీకరించదు. ఆ సీడీని పక్కన పెట్టేయండి, దానితో మీకు పని లేదు.

మీరు ఇంకా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. డివైస్ మేనేజరులో ప్రింటరు పేరు పసుపు గుర్తుతో కనబడుతోందా, లేక పేరే లేకుండా ఉందా? మీ విండోస్ ‘ఎస్ మోడ్’లో (మైక్రోసాఫ్ట్ స్టోరు ప్రోగ్రాములను మాత్రమే ఎక్కించనిచ్చే పద్ధతిలో) ఉందా? ప్రింటర్ల పేజీలో ‘విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్’ అనే మీట తెరిచి ఉందా? ఈ మూడూ చూసి రాయండి.

#3 – పాలకొండ లినక్స్ మాస్టారు

మెకానిక్ గారు భాష గురించి చెప్పిన మాటను కొంచెం విప్పి చెప్పవలసి ఉంది. 1020 విషయంలో చిక్కంతా అక్కడే ఉంది.

కొన్ని లేజర్ ప్రింటర్లకు పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ వంటి పేజీ వర్ణన భాషలు వచ్చు. అక్షరాలు, గీతలు, వాటి స్థానాలు కంప్యూటరు పంపితే, పేజీ బొమ్మను ప్రింటరే తనలో తయారు చేసుకుంటుంది. హెచ్‌పీ 2004లో తెచ్చిన లేజర్‌జెట్ 1320 ఈ కోవకు చెందినది కాబట్టి, దానికి ప్రత్యేక డ్రైవరు దొరకకపోయినా యూనివర్సల్ డ్రైవరుతోనో, విండోస్‌లో ఉండే సాధారణ పీసీఎల్ డ్రైవరుతోనో పని జరిగిపోతుంది. 1018, 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 వంటివి వేరు. ఇవి వండిన అన్నం వడ్డిస్తే తినగలవు గాని బియ్యం చేతికిస్తే వండుకోలేవు. పేజీని చుక్కల బొమ్మగా మార్చే పనంతా కంప్యూటరే చేసి, ఆ బొమ్మను సంస్థ సొంత పద్ధతిలో కుదించి పంపాలి. 1020లో జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లు మాత్రమే ఉండడానికి, అది చవకగా దొరికి మన జిల్లాల్లో ప్రతి జెరాక్స్ దుకాణంలోనూ కనబడడానికి ఇదే కారణం. ఇలాంటి ప్రింటరుకు ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన సొంత డ్రైవరు లేకపోతే యంత్రం ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు. హెచ్‌పీ వారి యూనివర్సల్ డ్రైవరు కూడా 1020కి పనికిరాదు. ఎవరైనా అది వేసుకోమని సలహా ఇస్తే వినకండి.

1020కి మరొక గుణం ఉంది. దానిని నడిపే ఫర్మ్‌వేర్ అనే లోపలి ప్రోగ్రాము ప్రింటరులో శాశ్వతంగా నిలవదు. విద్యుత్తు పోయి వచ్చిన ప్రతిసారీ డ్రైవరే ఆ ఫర్మ్‌వేరును మళ్లీ ప్రింటరులోకి ఎక్కించాలి. కరెంటు పోయి వచ్చాక పేజీ క్యూలో నిలిచిపోయి ప్రింటరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, యంత్రం పాడైందని అనుకోకముందు ప్రింటరును ఆపి, తీగ తీసి పెట్టి, మళ్లీ వెలిగించి చూడండి.

#4 – గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

అందరూ మరమ్మతు దారినే చెబుతున్నారు కాబట్టి నేను రెండో వైపు మాట్లాడతాను. దుకాణం నడిపేవాడికి ప్రింటరు ఆగిన ప్రతి గంటా నష్టమే. నెట్‌వర్కు ద్వారా ఐపీపీ (అన్ని సంస్థల ప్రింటర్లకూ ఉమ్మడి ప్రింటింగు ప్రమాణం) పద్ధతిలో పనిచేసే కొత్త ప్రింటరు కొంటే విండోస్, లినక్స్, సెల్‌ఫోను అన్నీ డ్రైవరు అడగకుండానే పంపగలవు. మైక్రోసాఫ్ట్ కూడా అటే నడుస్తోంది. తయారీదారుల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించే పద్ధతిని దశలవారీగా ముగిస్తామని ఆ సంస్థ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఇవాళ ఏదో విధంగా పనిచేయించినా, కొన్నేళ్ల తరువాత మళ్లీ ఇదే ప్రశ్నతో ఇక్కడికే రావలసి ఉంటుంది గదా.

అయితే నా బల్ల మీద ఉన్నది మాత్రం మాస్టారు చెప్పిన 1320యే. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసే పుస్తకాల పనికి పోస్ట్‌స్క్రిప్ట్ తెలిసిన ప్రింటరు ఉంటే పేజీ ఎక్కడా చెదరదు కాబట్టి దానిని వదలలేదు. విండోస్ 11లో అది ఏ పేచీ లేకుండా నడుస్తోంది.

#5 – ఆమదాలవలస మెకానిక్

డీటీపీ గారూ, ఆ ప్రకటన సంగతి నిజమే గాని దాని పరిధి కూడా చెప్పాలి. విండోస్ అప్‌డేట్ ద్వారా కొత్త డ్రైవర్ల సరఫరా గురించి అది మాట్లాడుతుంది. ఇప్పటికే ఉన్న డ్రైవరును సంస్థ ఇచ్చిన ప్యాకేజీ నుంచి మనమే ఎక్కించుకోవడం దానివల్ల ఆగదు. అందుకే నేను నా దగ్గరికి వచ్చే అందరికీ చెప్పేది ఒకటే: మీ ప్రింటరు 64 బిట్ ప్యాకేజీని ఇప్పుడే సంస్థ అధికారిక వెబ్‌సైటు నుంచి దింపుకుని, ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టి, ప్రింటరు అడుగున అంటించి ఉంచండి. సంస్థలు తమ పాత పేజీలను ఎప్పుడు తీసేస్తాయో, ఎవరి చేతికి మారుతాయో మనకు తెలియదు. శాంసంగ్ ప్రింటర్ల వ్యాపారాన్ని 2017లో హెచ్‌పీ కొనుక్కున్నాక వాటి డ్రైవర్ల కోసం వేరే గడప ఎక్కవలసి వచ్చింది, చూశారు గదా.

కొత్తది కొనడమే మేలు అనే మాటకు మాత్రం నేను ఒప్పుకోను. 1020కి వేసే 12ఎ టోనరు మన శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ దుకాణంలో అడిగినా దొరుకుతుంది. నింపి ఇచ్చేవారు ఉన్నారు. ఫ్యూజర్ (టోనరు పొడిని వేడితో కాగితానికి అంటించే భాగం) ఫిల్ము, పికప్ రోలరు వంటి విడిభాగాలకూ కొరత లేదు. ఇంత తేలికగా బాగుచేసుకోగలిగే యంత్రాన్ని డ్రైవరు ఒక్కటి కోసం మూలన పడేయడం నాకు నచ్చదు.

#6 – నరసన్నపేట నెట్ సెంటర్

మెకానిక్ గారు అడిగినవి చూశాను. డివైస్ మేనేజరులో ‘అదర్ డివైసెస్’ కింద ప్రింటరు పేరు పసుపు గుర్తుతో ఉంది. ఎస్ మోడ్ లేదు. ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ మాత్రం తెరిచి ఉంది. కంప్యూటరును సిద్ధం చేసి ఇచ్చినవారు భద్రత కోసమని దానిని తెరిచారట. దీనికీ నా చిక్కుకూ సంబంధం ఉందా?

#7 – ఆమదాలవలస మెకానిక్

సంబంధం ఉండడమేమిటి, మీ చిక్కులో సగం అదే. విండోస్ 11 24హెచ్2 కూర్పుతో వచ్చిన ఈ పద్ధతిని తెరిస్తే, తయారీదారుల డ్రైవర్లతో నడిచే ప్రింటర్లన్నిటినీ విండోస్ తొలగిస్తుంది, మళ్లీ ఎక్కించనివ్వదు. మోప్రియా (తయారీదారు డ్రైవరు లేకుండా ప్రింటు తీయడానికి సంస్థలు కలిసి పెట్టుకున్న ప్రమాణం) ధ్రువీకరణ ఉన్న ప్రింటర్లు మాత్రమే అందులో పనిచేస్తాయి. మామూలుగా ఇది మూసే ఉంటుంది. కొత్త ప్రింటర్లు మాత్రమే ఉన్న కార్యాలయానికి ఇది మంచి రక్షణ. మీలాంటివారికి పనికిరాదు.

ఇప్పుడు ఈ వరుసలో చేయండి. ముందుగా ప్రింటరు తీగ తీసేసి, సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, ఆపైన ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరిచి, ఆ మీటను మూసివేయండి. ఇంతకుముందు ఆగిపోయిన పేజీలు క్యూలో ఉంటే, సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలరును (పేజీలను వరుసలో పెట్టి ప్రింటరుకు పంపే విండోస్ భాగాన్ని) ఆపి, సిస్టమ్32లోని స్పూల్ ఫోల్డరులో ‘ప్రింటర్స్’ అనే దానిలో ఉన్న ఫైళ్లను తొలగించి, స్పూలరును మళ్లీ నడిపించండి. ఫోల్డరును తొలగించకూడదు, అందులోని ఫైళ్లను మాత్రమే తీయాలి. తరువాత సంస్థవారి వెబ్‌సైటులో 1018, 1020, 1022 మూడింటికీ కలిపి ఇచ్చిన 64 బిట్ హోస్ట్ బేస్డ్ (పేజీ బొమ్మను కంప్యూటరే తయారుచేసే) ప్యాకేజీని దింపుకోండి. అది పాత విండోస్ పేరుతో ఉన్నా భయపడనక్కరలేదు, 64 బిట్ అన్నదే ముఖ్యం. దానిని నడిపించి, తీగ ఎప్పుడు కలపాలో అది అడిగినప్పుడే కలపండి.

ఒకవేళ ఆ ప్యాకేజీ దానంతట అది ఎక్కకపోతే, దానిని ఒక ఫోల్డరులోకి విప్పుకుని, డివైస్ మేనేజరులో పసుపు గుర్తు ఉన్న పేరు మీద కుడి నొక్కు నొక్కి, ‘అప్‌డేట్ డ్రైవర్’లో ఆ ఫోల్డరును చూపించండి. ఇంకొక దారి కూడా ఉంది: ప్రింటరును చేతితో చేర్చే పాత కిటికీలో తయారీదారుల జాబితా కింద ‘విండోస్ అప్‌డేట్’ అనే బొత్తం ఉంటుంది. అది నొక్కి ఓపికగా వేచి ఉంటే జాబితా చాలా పెద్దదవుతుంది, అందులో పాత మోడళ్లు కనబడతాయి.

డ్రైవరు పేరు వెతికితే మొదట తగిలే ఊరూ పేరూ లేని సైట్ల నుంచి మాత్రం ఏదీ దింపుకోవద్దు. డ్రైవర్ల పేరుతో వాళ్లు మీకు అంటగట్టే చెత్తను వదిలించుకోవడం ప్రింటరు బాగుచేయడం కన్నా కష్టం.

#8 – నరసన్నపేట నెట్ సెంటర్

మెకానిక్ గారికి కృతజ్ఞతలు. మీట మూసి, స్పూలరు శుభ్రం చేసి, ప్యాకేజీ ఎక్కించి, తీగ కలపగానే ప్రింటరు లోపల ఒకసారి రోలర్లు తిరిగిన చప్పుడు వచ్చింది, పరీక్ష పేజీ చక్కగా వచ్చింది. తెలుగులో ఉన్న 1బి కూడా తీసి చూశాను, అక్షరాలు, ఒత్తులు అన్నీ సరిగానే ఉన్నాయి.

ఇక రెండో భాగం. ప్రింటరును షేర్ చేసి, పక్కనున్న విండోస్ 7 కంప్యూటరు నుంచి కలపబోతే 0x0000011బి అనే దోష సంఖ్య వస్తోంది. రెండూ ఒకే రౌటరుకు కలిసి ఉన్నాయి, ఫోల్డర్లు ఒకదానికొకటి కనబడుతున్నాయి. ఇంటర్నెట్‌లో చాలామంది రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) ఒక విలువను సున్నా చేయమంటున్నారు. చేయవచ్చా?

#9 – బొబ్బిలి నెట్‌వర్క్ సేవకుడు

దయచేసి ఆ పని చేయకండి. కారణం వివరంగా చెబుతాను.

2021లో విండోస్ స్పూలరులో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. ప్రింట్‌నైట్‌మేర్ అనే పేరు మీరు వినే ఉంటారు. ఆ సంవత్సరం వచ్చిన అప్‌డేట్ల వల్ల రెండు మార్పులు జరిగాయి. ఒకటి, షేర్ చేసిన ప్రింటరు నుంచి డ్రైవరు దింపుకోవడానికి అడ్మినిస్ట్రేటరు అనుమతి తప్పనిసరైంది. రెండు, 2021 సెప్టెంబరు అప్‌డేటుతో, ప్రింటరు షేర్ చేసే కంప్యూటరు తన దగ్గరికి వచ్చే ప్రింటు సంభాషణ గుప్తంగా ఉండాలని పట్టుబట్టడం మొదలుపెట్టింది. మీ కొత్త కంప్యూటరు అలా పట్టుబడుతోంది. విండోస్ 7కు ఉచిత మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది కాబట్టి, అలా గుప్తంగా మాట్లాడడం దానికి ఎవరూ నేర్పలేదు. ఆ దోష సంఖ్యకు అర్థం ఇదే. రిజిస్ట్రీ విలువను సున్నా చేస్తే కొత్త కంప్యూటరు తన పట్టుదల వదులుకుంటుంది, ప్రింటు వస్తుంది, కానీ ఆ రక్షణ మొత్తం పోతుంది. రోజూ పదిమంది పెన్ డ్రైవ్‌లు గుచ్చి వెళ్లే నెట్ సెంటరులో ఆ తలుపు తెరిచి ఉంచడం నాకు క్షేమంగా తోచదు.

రెండు కంప్యూటర్లూ విండోస్ 10 లేదా 11 అయి ఉంటే, రెండింటికీ అప్‌డేట్లు పూర్తిచేసి, ప్రింటు పంపే కంప్యూటరులో డ్రైవరును ముందుగా విడిగా ఎక్కించుకుంటే సాధారణంగా ఈ దోషం పోతుంది. మీది విండోస్ 7 కాబట్టి ఆ దారి లేదు. విండోస్ షేరింగును వదిలేసి వేరే మార్గం చూసుకోవడం ఉత్తమం. అన్నిటికన్నా సులువైనది, పాత కంప్యూటరులో పీడీఎఫ్ తయారుచేసి, షేర్ చేసిన ఫోల్డరులో పెట్టి, కొత్తదాని నుంచి ప్రింటు తీయడం. ఆ విండోస్ 7 యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచమని కూడా చెప్పవలసి ఉంది, మీరు అడగకపోయినా.

#10 – పాలకొండ లినక్స్ మాస్టారు

బొబ్బిలి వారు చెప్పిన వేరే మార్గం నా దగ్గర ఉంది. మా కళాశాల ల్యాబులో నడుస్తున్నది అదే.

ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు గాని, విండోస్ 11కు పనికిరాదని పక్కన పెట్టిన మీ పాత కంప్యూటరు గాని తీసుకుని, అందులో డెబియన్ కుటుంబపు లినక్స్ ఎక్కించి, ప్రింటరును దానికి కలపండి. లినక్స్‌లో ప్రింటింగును చూసేది కప్స్ అనే వ్యవస్థ. 1020 భాషను మాట్లాడే ఫూ2జెడ్‌జేఎస్ అనే స్వేచ్ఛా డ్రైవరు డెబియన్ భాండారంలోనే ఉంది. ఫర్మ్‌వేర్ ఫైలును మాత్రం విడిగా తెచ్చుకోవాలి, ప్రింటరు వెలిగిన ప్రతిసారీ దానిని ఎక్కించే ఏర్పాటు ఆ డ్రైవరులోనే ఉంటుంది. హెచ్‌పీ వారి హెచ్‌ప్లిప్ వాడినా సరే, అందులో ప్రత్యేకంగా ప్లగిన్ ఎక్కించాలి.

కప్స్‌లో షేరింగు తెరిస్తే ఆ ప్రింటరు నెట్‌వర్కులో ఐపీపీ ప్రింటరుగా కనబడుతుంది. అంటే డీటీపీ గారు కొనమన్న కొత్త ప్రింటరు ఏ విధంగా కనబడుతుందో మీ 1020 కూడా అలాగే కనబడుతుందన్న మాట. విండోస్ 11 తన సొంత ఐపీపీ డ్రైవరుతో దానికి పంపుతుంది, ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా పంపగలవు. విండోస్ 7కు ఆ డ్రైవరు లేదు కాబట్టి, ప్రింటరు చిరునామాను 631 పోర్టుతో చేతితో ఇచ్చి, తయారీదారుల జాబితాలో ‘జెనరిక్’ కింద ఉండే ఎమ్మెస్ పబ్లిషర్ కలర్ ప్రింటరును ఎంచుకోవాలి. అది నిజానికి సాధారణ పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవరు; పోస్ట్‌స్క్రిప్ట్‌ను 1020 భాషలోకి మార్చే పని కప్స్ చూసుకుంటుంది. ఈ దారిలో తెలుగు, ఆంగ్లం రెండూ చక్కగానే వస్తాయి.

ఇక్కడ విద్యుత్తు విషయం ఒకటి గమనించాలి. రాస్ప్‌బెర్రీ పై బోర్డును, రౌటరును చిన్న యూపీఎస్‌కు కలపండి. లేజర్ ప్రింటరును మాత్రం కలపకండి. ఫ్యూజరు వేడెక్కేటప్పుడు తీసుకునే విద్యుత్తును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

#11 – విజయనగరం ఇంజనీరింగ్ విద్యార్థి

నా గదిలో కెనాన్ ఎల్‌బీపీ 2900బి ఉంది. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసరు ఉన్న కొత్త ల్యాప్‌టాపులో విండోస్ 11 ఉంది. 64 బిట్ డ్రైవరు దింపుకున్నా ఎక్కడం లేదు. మాస్టారు చెప్పిన రాస్ప్‌బెర్రీ పై పద్ధతి దీనికి పనికొస్తుందా?

#12 – పాలకొండ లినక్స్ మాస్టారు

బాబూ, నీ ల్యాప్‌టాపు కూడా 64 బిట్టే, కానీ అది ఆర్మ్ జాతి 64 బిట్. ఇంటెల్ జాతి కోసం రాసిన ప్రోగ్రాములను అది అనుకరణతో నడిపిస్తుంది, డ్రైవర్లను మాత్రం ఆర్మ్ కోసం రాసినవే తీసుకుంటుంది. 2900 మాట్లాడేది క్యాప్ట్ అనే కెనాన్ సొంత భాష. కెనాన్ ఇచ్చిన లినక్స్ డ్రైవరు ఇంటెల్ జాతి ప్రాసెసర్లకే ఉంది, కనుక రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద అది నడవదు. ఇంటెల్ ప్రాసెసరు ఉన్న ఏదైనా పాత కంప్యూటరును ప్రింటు సర్వరుగా పెట్టు. అక్కడి నుంచి ఐపీపీ ద్వారా నీ ల్యాప్‌టాపు పంపగలదు.

#13 – రాజాం మిల్లు లెక్కలు

నమస్కారం. నరసన్నపేట బావమరిది చెప్పినది నా గురించే. మా మిల్లులో లారీ కాటా చీటీలన్నీ ఎప్సన్ ఎల్ఎక్స్-300+ డాట్ మాట్రిక్స్ మీద వస్తాయి. ఒకే దెబ్బతో మూడు ప్రతులు కావాలి: ఒకటి లారీ డ్రైవరుకు, ఒకటి ధాన్యం తెచ్చినవారికి, ఒకటి మాకు. లేజరు ప్రింటరు ఈ పనికి రాదని మళ్లీ చెప్పనక్కరలేదు అనుకుంటాను. మా లెక్కల ప్రోగ్రాము డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రోలో రాసినది. రాసినాయన ఇప్పుడు ఆ పనిలో లేరు. పాత కంప్యూటరు మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్తదానికి వెడల్పాటి ప్రింటరు పోర్టు లేదు, కాబట్టి యూఎస్‌బీ నుంచి పారలల్‌కు మార్చే తీగ కొన్నాము. ప్రోగ్రాము తెరవబోతే ఈ కంప్యూటరులో నడవదంటోంది. నోట్‌ప్యాడ్ నుంచి ప్రింటు ఇస్తే తెలుగు అక్షరాల చోట ప్రశ్న గుర్తులు వస్తున్నాయి.

#14 – ఆమదాలవలస మెకానిక్

మిల్లు గారూ, మీ ప్రింటరే ఈ చర్చలో అందరికన్నా సుఖంగా ఉన్నది. అది మాట్లాడే ఈఎస్‌సీ/పీ భాష 1980లో వచ్చిన ఎప్సన్ ఎంఎక్స్-80 వంశం నుంచి వస్తున్నది. దానికి తగిన డ్రైవరు దొరకకపోయినా, ఏ డ్రైవరూ లేకుండా వట్టి అక్షరాలు పంపినా ముద్రిస్తుంది. చిక్కు ఉన్నది మీ ప్రోగ్రాములోనూ తీగలోనూ.

మొదట ప్రోగ్రాము. 64 బిట్ విండోస్ 16 బిట్ డాస్ ప్రోగ్రాములను నడపదు. అందుకు అనుకరణ యంత్రం కావాలి. ఆటల కోసం చేసిన డాస్‌బాక్స్ కన్నా, వ్యాపార ప్రోగ్రాముల కోసమే చేసిన వీడాస్ మీకు నయం. డాస్‌బాక్స్-ఎక్స్ కూడా పారలల్ పోర్టును ఒక ఫైలుకు గాని, ప్రింటరుకు గాని మళ్లించగలదు. ముందు మీ డేటా ఫోల్డరు మొత్తాన్ని వేరే చోట నకలు చేసి పెట్టుకుని, ఆ తరువాతే ఏదైనా ప్రయత్నించండి.

తరువాత తీగ. మీరు కొన్న తీగ నిజమైన ఎల్‌పీటీ1ని (పాత ప్రోగ్రాములు వెతికే పారలల్ ప్రింటరు పోర్టును) సృష్టించదు. విండోస్‌కు అది యూఎస్‌బీ001 అనే ప్రింటరు పోర్టుగానే కనబడుతుంది. ఎల్‌పీటీ1కి రాసే ప్రోగ్రాములు ఏమైనా ఉంటే, ప్రింటరును షేర్ చేసి, కమాండ్ కిటికీలో ‘నెట్ యూజ్’ ఆజ్ఞతో ఎల్‌పీటీ1ని ఆ షేర్‌కు ముడిపెట్టి, ‘పర్సిస్టెంట్’ అని చేర్చితే, కంప్యూటరు మళ్లీ వెలిగినా ఆ ముడి నిలుస్తుంది. ప్రింటరు తన సొంత కంప్యూటరుకే కలిసి ఉన్నా ఇలా చేయవచ్చు. మీ టవరులో ఖాళీ గాడి ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ పారలల్ కార్డు వేయించుకోవడం ఇంకా మంచిది. అది ఎల్‌పీటీ3 అని వస్తే డివైస్ మేనేజరులో ఎల్‌పీటీ1గా మార్చుకోవచ్చు.

ఇక తెలుగు. మీరు ‘జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ’ డ్రైవరు ఎంచుకుని ఉంటారు. అది ప్రింటరు లోపల పుట్టుకతో ఉన్న అక్షరాలనే పంపుతుంది, అందులో తెలుగు లేదు. ఎప్సన్ తొమ్మిది సూదుల ప్రింటర్ల డ్రైవరును విండోస్ అప్‌డేట్ బొత్తం ద్వారా తెచ్చుకుని వేస్తే, తెలుగును బొమ్మగా గీసి ముద్రిస్తుంది గాని, చాలా నిదానంగా వస్తుంది, ప్రతుల మీద అచ్చు పలచబడుతుంది. లారీలు వరుసలో ఉన్నప్పుడు అది కుదిరే పని కాదు. మిల్లు పేరు, శీర్షికలు తెలుగులో ముందే అచ్చు వేయించిన కాగితం తీసుకుని, బరువులు, తేదీలు, బండి సంఖ్య మాత్రం టెక్స్ట్ డ్రైవరుతో కొట్టించుకోండి.

#15 – గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

ముందే అచ్చు వేసిన చీటీలు కావలసి వస్తే నమూనా పంపండి, గళ్ల కొలతలు ప్రింటరు వరుసలకు సరిపోయేలా గీసి ఇస్తాను. అంగుళానికి ఆరు వరుసలు, అంగుళానికి పది అక్షరాలు అనే లెక్క మీదే గీయాలి, లేకపోతే అంకెలు గళ్లు దాటిపోతాయి. లేజరు విషయంలో నా అభిప్రాయం మారలేదు గాని, కాటా చీటీకి డాట్ మాట్రిక్స్ తప్ప వేరే దారి లేదని నేనూ ఒప్పుకుంటున్నాను.

#16 – రాజాం మిల్లు లెక్కలు

వీడాస్‌లో ప్రోగ్రాము తెరుచుకుంది, పాత ఖాతాలు అన్నీ కనబడ్డాయి. చీటీ కూడా వస్తోంది. ఒక్క ఇబ్బంది మిగిలింది: మా కాగితం ఒక్కొక్క చీటీ ఆరు అంగుళాల ఎత్తు ఉంటుంది, కానీ ప్రతి చీటీ తరువాత ప్రింటరు ఇంకొక ఖాళీ చీటీ అంత కాగితాన్ని ముందుకు తోసేస్తోంది.

#17 – ఆమదాలవలస మెకానిక్

ప్రింటరు మీ కాగితాన్ని ఇంకా పన్నెండు అంగుళాల పేజీ అనుకుంటోంది. పన్నెండు అంగుళాలంటే 72 వరుసలు, మీకు కావలసినది 36. దీనిని రెండు చోట్ల సరిచేయాలి. ప్రింటరు సొంత సెట్టింగులలో పేజీ పొడవును 6 అంగుళాలుగా పెట్టండి. విండోస్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీ కింద ‘ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్’ తెరిచి, మీ కాగితం వెడల్పు, 6 అంగుళాల ఎత్తు ఇచ్చి కొత్త ఫారం ఒకటి సృష్టించి, ప్రింటరుకు దానినే ఎంపిక చేయండి. కార్బన్ ప్రతులు వేసేముందు మామూలు కాగితం పెట్టి వరుసగా నాలుగైదు చీటీలు కొట్టి చూడండి. చిరుగు గీత ప్రతిసారీ ఒకే చోట పడితే లెక్క కుదిరినట్టే. గీత కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటే మీ ప్రోగ్రాము చీటీ చివర ఖాళీ వరుసలు అదనంగా పంపుతోందని అర్థం, అప్పుడు ఒక చీటీని ఫైలులోకి మళ్లించి ఇక్కడ పెట్టండి, వరుసలు లెక్కపెట్టి చెబుతాను.